ఎండలో మా కాళ్లు ఆగిపోతాయి: నెల్లూరు, ప్రకాశం, మార్కాపురం జిల్లాల అధికారులకు బహిరంగ లేఖ

నెల్లూరు, ప్రకాశం, మార్కాపురం జిల్లాల కలెక్టర్ గార్లకు, జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారులకు, వైకల్యం ఎంత శాతమో తేల్చి పత్రమిచ్చే సదరం శిబిరాల డాక్టర్లకు, ఆర్టీసీ, విద్యుత్ అధికారులకు, గ్రామ వార్డు సచివాలయాల ఉద్యోగులకు నమస్కారం.

మల్టిపుల్ స్క్లెరోసిస్‌తో బతుకుతున్నవాళ్లం, వాళ్లను చూసుకునే ఇంటివాళ్లం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. జబ్బు పేరు పొడుగు కాబట్టి అందరం ఎంఎస్ అనే అంటాం. ఇందులో మేం అడిగేవన్నీ మీ చేతిలో ఉన్న పనులే. చాలావాటికి ఒక సర్క్యులర్, ఒక మంచం, ఒక కుళాయి, ముందురోజు పంపే ఒక మెసేజ్ సరిపోతాయి.

మెదడులో, వెన్నుపాములో, కంటి నరంలో ఉండే నరాల పోగుల మీద మైలిన్ అనే కొవ్వు పొర ఉంటుంది, మోటారు తీగ మీద తొడుగులాగా. ఎంఎస్‌లో ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే ఆ పొరను దెబ్బతీస్తుంది. పొర ఎక్కడ పోతే అక్కడి పని చెడుతుంది. ఒకరికి చూపు మసకబారుతుంది, ఒకరికి కాలు బిగుసుకుంటుంది, ఒకరికి మూత్రం మీద అదుపు పోతుంది, ఇంకొకరికి చెయ్యి వణుకుతుంది. ఎక్కువమందికి 20 నుంచి 40 ఏళ్ల మధ్య మొదలవుతుంది. మగవాళ్లకంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. ఇది అంటుకునే జబ్బు కాదు. పెళ్లికి, పిల్లలకు అడ్డం కాదు. బిడ్డ కావాలనుకున్నప్పుడు కొన్ని మందులు ముందుగానే మార్చుకోవాలి, అంతే. ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తలకు, ఏఎన్‌ఎంలకు ఈ రెండు మూడు మాటలు చెప్పి పంపితే అత్తగారిళ్లలో చాలా గొడవలు తగ్గుతాయి. పొద్దున వంట చేసిన కోడలు మధ్యాహ్నానికి లేవలేకపోతే నటన అనేవాళ్లు మన ఊళ్లలో తక్కువేం లేరు.

ఆ మధ్యాహ్నం సంగతే ఈ ఉత్తరానికి మూలం. మైలిన్ పోయిన నరంలో, ఒళ్లు చల్లగా ఉన్నప్పుడు సంకేతం ఎట్లాగో నెట్టుకొస్తుంది. ఒంటి వేడి అర డిగ్రీ పెరిగితే చాలు, దారిలోనే ఆగిపోతుంది. విల్హెల్మ్ ఊథాఫ్ అనే జర్మన్ కంటి డాక్టరు 1890లో దీన్ని గమనించి రాశారు. ఇప్పటికీ డాక్టర్లు ఆయన పేరుతోనే పిలుస్తారు. చల్లబడితే కాసేపటికి కాలు, చూపు తిరిగొస్తాయి, నరానికి కొత్త నష్టం జరగదు. కానీ ఆ కాసేపట్లో మనిషి బస్టాండులో పడిపోవచ్చు, రోడ్డు దాటుతూ ఎదురొచ్చే లారీని చూడలేకపోవచ్చు. మన దగ్గర మే నెలలో ఎండ 42, 43 డిగ్రీలు దాటడం మామూలే. ఇతరులకు అది ఉక్కపోత. మాకు మాత్రం, గోడకున్న గడియారాన్ని బట్టి మారే వైకల్యం.

సదరం సంగతి ముందు చెప్పాలి, మిగతావన్నీ ఆ కాగితం మీదే నిలబడ్డాయి కాబట్టి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మల్టిపుల్ స్క్లెరోసిస్ పేరు స్పష్టంగా ఉంది, దీర్ఘకాలిక నాడీ సమస్యల కింద, పార్కిన్సన్స్ పక్కనే. 2017 ఏప్రిల్ 19 నుంచి చట్టం అమల్లో ఉంది. స్లాట్ బుక్ చేసే దగ్గర ఈ పేరు తెలియక కాలు అనో కన్ను అనో రాస్తే, మనిషి వేరే డాక్టరు ముందుకు పోతాడు. ఎముకల డాక్టరు కీలు వంచి చూస్తారు, కండ చిక్కిందేమో కొలుస్తారు. ఎంఎస్‌లో కీలు బాగానే వంగుతుంది, కండ చాలాకాలం నిండుగానే ఉంటుంది. చెడింది పైనెక్కడో వెన్నుపాములో. దాంతో పర్సంటేజీ 40కి లోపు పడుతుంది, 40కి లోపు పడితే పింఛను లేదు. అందుకని సచివాలయాల డిజిటల్ అసిస్టెంట్లకు ఒక ఆదేశం పంపండి: కాగితాల మీద ఎంఎస్ అని ఉంటే దరఖాస్తు నాడీ సమస్యల విభాగంలోనే వెయ్యాలి, స్లాట్ న్యూరాలజిస్టు గానీ జనరల్ మెడిసిన్ డాక్టరు గానీ ఉన్న రోజుకే ఇవ్వాలి.

డాక్టర్లకు మనవి. నడక పరీక్ష అంటే గదిలో నాలుగడుగులు వేయించి కూర్చోబెట్టడం కాదు. ఎంఎస్‌కి ప్రపంచమంతా వాడే కొలతలున్నాయి, వాటికి స్టాప్‌వాచ్ తప్ప వేరే పరికరం అక్కర్లేదు. నేలమీద 25 అడుగులు కొలిచి గీత గీసి, వీలైనంత వేగంగా, పడిపోకుండా నడవమని రెండుసార్లు సమయం చూడటం ఒకటి. నీడగా ఉన్న వరండాలో 6 నిమిషాలు నడిపించి ఎంత దూరం పోయారో కొలవడం రెండోది. మొదటి నిమిషంలో చక్కగా నడిచిన మనిషి నాలుగో నిమిషానికి కాలు ఈడుస్తాడు, పాదం ముందుకు వాలి బొటనవేలు నేలకు తగులుతుంది. మేం రోజూ బతికేది ఆ నాలుగో నిమిషంలోనే. చేతికైతే చొక్కా గుండీలు పెట్టించండి, సంతకం మూడుసార్లు చేయించండి. మూడు సంతకాలూ మూడు రకాలుగా వస్తే అది పరీక్ష ఫలితమే.

న్యూరాలజిస్టు కాగితం మీద ఈడీఎస్‌ఎస్ అని ఒక అంకె ఉంటుంది. 0 నుంచి 10 వరకు అర చొప్పున పెరుగుతుంది. 6 అంటే 100 మీటర్లు పోవడానికి ఒక చేతికర్ర కావాలి. 6.5 అంటే రెండు వైపులా ఆసరా ఉంటేనే 20 మీటర్లు. 7 వచ్చేసరికి బతుకు దాదాపుగా చక్రాల కుర్చీలోనే. ఆ అంకెను తప్పకుండా లెక్కలోకి తీసుకోండి. అయితే మధ్య నుంచి పైకి ఆ కొలత అంతా నడక చుట్టూనే తిరుగుతుంది. నీరసం, మతిమరుపు, మూత్రం సమస్య అందులో సరిగా బయటపడవు. కాబట్టి విడిగా అడగండి, తలుపు వేసి అడగండి. వరసలో పదిమంది వినేటట్టు 'మూత్రం ఆగుతుందా' అని అడిగితే ఏ ఆడమనిషీ నిజం చెప్పదు, 'ఆ, ఆగుతుంది' అనేస్తుంది. ఆ ఒక్క మాట పర్సంటేజీ తగ్గించేస్తుంది.

పరీక్ష వేళ కూడా ఫలితాన్ని మారుస్తుంది. పొద్దున 9 గంటలకు ఏసీ గదిలో చూస్తే మనిషి ఉన్నదానికంటే బాగా కనిపిస్తాడు. రెండు గంటలు రేకుల షెడ్డు కింద నిలబెట్టి చూస్తే ఉన్నదానికంటే అధ్వానంగా కనిపిస్తాడు, లోపలికొచ్చి చల్లబడగానే తేరుకుంటే నటించాడన్న అనుమానం వస్తుంది. రెండూ తప్పుడు లెక్కలే. చూసిన వేళ, ఆ గది చల్లగా ఉందా లేదా అన్నది కాగితం మీద రాయాలి. జబ్బు చరిత్ర అడగాలి: మొదట ఎప్పుడొచ్చింది, ఎన్నిసార్లు తిరగబెట్టింది, ప్రతిసారీ ఎంత తేరుకున్నారు, ఎంత మిగిలిపోయింది. ఎంఆర్‌ఐ రిపోర్టులు ఏడాదివారీగా పక్కపక్కన పెడితే నాటకమాడే వీలు ఎవరికీ ఉండదు.

సర్టిఫికెట్ గడువు గురించి. వచ్చి తగ్గే రకంలో వైకల్యం హెచ్చుతగ్గులవుతుంది కాబట్టి తాత్కాలిక పత్రం ఇవ్వడంలో అర్థముంది, కానీ మూడు నుంచి ఐదేళ్లకు ఇవ్వండి. ఏడాదికొకసారి అంటే ఏడాదికొకసారి గిద్దలూరు నుంచో ఉదయగిరి నుంచో ఇద్దరు మనుషుల సాయంతో ప్రయాణం. ఆగకుండా పెరిగే రకానికి శాశ్వత పత్రమే సరైనది, అది వెనక్కి తగ్గదు. కాలు, చెయ్యి బలహీనత ఉన్నవాళ్లకు చలన వైకల్యం కూడా ఆ పత్రంలో రాయండి. ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ చెప్పే దివ్యాంగుల చట్టం 34వ సెక్షన్‌లో దీర్ఘకాలిక నాడీ సమస్యల పేరు లేదు, చలన వైకల్యం ఉంది. ఆ ఒక్క మాట రాయకపోతే చదువుకున్న పిల్లలకు తలుపు మూసుకుపోతుంది.

పింఛను 2024 జులై నుంచి 6,000 రూపాయలయింది, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 15,000. అది మాకు చాలా పెద్ద ఆసరా. 15,000 రూపాయల దరఖాస్తులో పక్షవాతం అన్న మాట చూసి, రెండు కాళ్లూ పడిపోయిన ఎంఎస్ మనిషిని 'మీది పక్షవాతం కాదుగా' అని తిప్పి పంపకూడదు. మంచం పట్టడం మంచం పట్టడమే, కారణం మెదడులో రక్తం గడ్డకట్టడమైనా, మైలిన్ పోవడమైనా. తిరిగి పరిశీలించేటప్పుడు ఇలాంటివాళ్ల ఇంటికే డాక్టరును పంపండి.

ఇక మరుగుదొడ్లు. ఇది చదవడానికి ఇబ్బందిగా ఉండొచ్చు, అయినా వివరంగా రాస్తాం, ఎందుకంటే మాలో చాలామంది ఇల్లు కదలకపోవడానికి కారణం కాళ్లు కాదు, ఇదే. ఎంఎస్‌లో మూత్రాశయం రెండు రకాలుగా మొరాయిస్తుంది. ఒక్కసారిగా తోసుకొస్తుంది, రెండు నిమిషాలు కూడా ఆగదు. లేదా పూర్తిగా ఖాళీ కాదు, లోపల మిగిలినదాంట్లో ఇన్‌ఫెక్షన్ పెరుగుతుంది, జ్వరం వస్తుంది, ఆ జ్వరపు వేడికి కాళ్లు కూడా పడిపోతాయి. ఖాళీ కానివాళ్లు 12 లేదా 14 నంబరు సన్న గొట్టంతో రోజుకు నాలుగు నుంచి ఆరుసార్లు తామే మూత్రం తీసుకోవాలి, లోపల 400 మిల్లీలీటర్లు దాటకముందే. చేతులు సబ్బుతో కడగాలి, గొట్టం నేలకు తగలకూడదు, వెలుతురు ఉండాలి, పది నిమిషాలు ఎవరూ తలుపు కొట్టకూడదు.

బస్టాండులోనో ఆసుపత్రిలోనో కలెక్టరేట్‌లోనో ఈ పని జరగాలంటే ఏం కావాలో చెప్తాం. గదిలోపలే కుళాయి, సబ్బు. నడుమెత్తున పొడిగా ఉండే చిన్న అర, సంచి తగిలించడానికి కొక్కెం, మూతున్న చెత్తబుట్ట. వెస్ట్రన్ కమోడ్, నేల నుంచి ఒకటిన్నర అడుగు ఎత్తులో. అంతకన్నా కిందుంటే బిగుసుకున్న మోకాళ్లతో లేవలేం. పక్క గోడకు బోల్టులతో బిగించిన అంగుళంన్నర ఇనుప గొట్టం, మనిషి బరువంతా వేసి వేలాడినా కదలకూడదు. స్క్రూలతో తగిలించిన టవల్ రాడ్డును పట్టుకుంటే ఊడి చేతికొస్తుంది. తలుపు మూడడుగుల వెడల్పు, బయటికి తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకునే తలుపైతే, మనిషి పడిపోయి దానికి అడ్డంగా ఉన్నప్పుడు బయటివాళ్లు తీయలేరు. చక్రాల కుర్చీ తిరగడానికి ఐదడుగుల ఖాళీ జాగా. నున్నటి టైల్స్ వద్దు, గరుకు నేల కావాలి. వీటన్నిటికంటే ముఖ్యం తాళం. దివ్యాంగుల మరుగుదొడ్డికి తాళం వేసి, తాళంచెవి ఇంకో గదిలో ఉంచితే అది లేనట్టే. రెండు నిమిషాలు ఆగని మూత్రం తాళంచెవి వచ్చేదాకా ఆగుతుందా? ఇలాంటి గది దొరకదన్న భయంతో బయటికెళ్లే రోజు పొద్దున్నుంచే నీళ్లు మానేస్తారు. మే నెలలో నీళ్లు మానేసిన మనిషికి వడదెబ్బ, మలబద్ధకం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఒకదాని వెంట ఒకటి వస్తాయి.

ర్యాంపుల గురించి ఒక్క లెక్క గుర్తుపెట్టుకోండి: అంగుళం ఎత్తుకు అడుగు పొడవు. సచివాలయానికి ఆరంగుళాల మెట్లు మూడున్నాయంటే ఎత్తు 18 అంగుళాలు, ర్యాంపు 18 అడుగులుండాలి. జాగా లేదని ఆరడుగుల్లో ముగిస్తే చక్రాల కుర్చీ వెనక్కి దొర్లుతుంది, పాదం వాలినవాళ్లు ముందుకు బోర్లాపడతారు. రెండు వైపులా పట్టుకునే కమ్మీ కావాలి, ఎందుకంటే ఎక్కేటప్పుడు కుడిచేతికి అందే కమ్మీ దిగేటప్పుడు ఎడమచేతికొస్తుంది, ఎంఎస్‌లో తరచూ ఒక చెయ్యే గట్టిగా ఉంటుంది. ర్యాంపు మీద బైకులు నిలపనివ్వకండి.

ఆర్టీసీ డిపో మేనేజర్లకు: డ్రైవర్లు, కండక్టర్లకు రెండు మాటలు చెప్పించండి చాలు. బస్సును అరుగుకు దగ్గరగా ఆపాలి, రోడ్డు మధ్యలో ఆపితే మొదటి మెట్టు మోకాలెత్తున ఉంటుంది. పాసున్న మనిషి కూర్చున్నాకే కదలాలి. చూడటానికి ఆరోగ్యంగా ఉన్న ముప్పయ్యేళ్ల మనిషి దివ్యాంగుల సీటు అడిగితే కార్డు చూడండి, మొహం చూసి తేల్చకండి.

జబ్బును గుర్తించే దగ్గర జరిగే పొరపాట్ల గురించి వైద్య ఆరోగ్యశాఖ ప్రత్యేకంగా వినాలి. కాళ్లలో తిమ్మిరి, బలహీనత అనగానే నడుము ఎంఆర్‌ఐ రాస్తారు. వెన్నుపాము నడుము పైభాగంలోనే, ఒకటి రెండు పూసల దగ్గరే ముగిసిపోతుంది. ఎంఎస్ మచ్చలుండేది మెదడులో, మెడలో, వీపులో. నడుము ఎంఆర్‌ఐలో ఎవరికైనా కాస్త డిస్క్ జారినట్టు కనిపిస్తుంది, దానికి నెలల తరబడి బెల్టు, ట్రాక్షన్. తీయాల్సింది మెదడు, మొత్తం వెన్నుపాము, కాంట్రాస్ట్ ఇంజెక్షన్‌తో. కనిగిరి వైపు ఇంకో చిక్కుంది. అక్కడి నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ కాబట్టి బిగుసుకున్న కాళ్లతో ఎవరొచ్చినా ఫ్లోరైడ్ అనేస్తారు. ఫ్లోరోసిస్‌లో ఏళ్ల తరబడి మెల్లగా బిగుసుకుంటుంది, ఎక్స్‌రేలో ఎముక తెల్లగా దట్టంగా, ఎముకలను కలిపే బంధాల్లో సున్నం పేరుకుని కనిపిస్తుంది. పాతికేళ్ల అమ్మాయికి నాలుగైదు రోజుల్లో కాళ్లు తిమ్మిరెక్కి, కొన్ని వారాలకు కాస్త తగ్గి, అంతకుముందెప్పుడో ఒక కంట్లో నొప్పితో చూపు మసకబారి ఉంటే, అది ఫ్లోరైడ్ కాదు, న్యూరాలజిస్టుకు పంపాల్సిన కేసు. ఈ పోలికను ఒక పేజీగా అచ్చేసి ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అంటించండి. నరాల బలహీనత అని బి కాంప్లెక్స్ సూదులతో గడిచే ఏళ్లు తగ్గుతాయి. ఎంఎస్‌నే పోలిన ఎన్‌ఎంఓ అనే ఇంకో జబ్బుంది. కొన్ని ఎంఎస్ మందులు దాన్ని ముదరబెడతాయి. అందుకని అనుమానమున్నప్పుడు ఆక్వాపోరిన్ 4 రక్త పరీక్ష చేయించాకే మందు మొదలుపెట్టాలి.

తిరగబెట్టినప్పుడు చేసే వైద్యం మన ఏరియా ఆసుపత్రుల్లో జరగొచ్చు. కొత్త లక్షణం 24 గంటలు దాటి నిలిచి, జ్వరం, ఇన్‌ఫెక్షన్ లేకపోతే దాన్ని రిలాప్స్ అంటారు. ముందు మూత్ర పరీక్ష చేయాలి; సగం అనుమానాలు అక్కడే తేలిపోతాయి, యాంటిబయాటిక్‌తో కాళ్లు తిరిగొస్తాయి. నిజంగా రిలాప్సే అయితే మిథైల్ ప్రెడ్నిసొలోన్ 1 గ్రాము రోజూ సెలైన్‌లో, గంటకు తగ్గకుండా మెల్లగా, మూడు నుంచి ఐదు రోజులు. షుగరు, బీపీ చూసుకుంటూ ఎక్కించాలి. ఇన్‌ఫెక్షన్ ఉండగా ఇస్తే అది ముదురుతుంది, గబగబా ఎక్కిస్తే గుండె లయ తప్పవచ్చు. న్యూరాలజిస్టు చీటీ, ఫోనులో ఆయన సలహా ఉంటే కావలి, కందుకూరు, మార్కాపురం, ఆత్మకూరు ఆసుపత్రుల్లో ఒక మంచం మీద ఈ పని చేయొచ్చు. నడవలేని మనిషిని ఐదు రోజులు వరసగా నెల్లూరుకో ఒంగోలుకో తిప్పనక్కర్లేదు. అదే సమయంలో, ఊళ్లలో నీరసమన్న ప్రతివాళ్లకూ స్టెరాయిడ్ సూదులు వేసే పద్ధతిని కట్టడి చేయండి. నెలల తరబడి అట్లా పొడిపించుకుంటే ఎముక గుల్లబారుతుంది, షుగరొస్తుంది, ఎంఎస్ ఆగదు.

జబ్బును అదుపులో పెట్టే మందుల్లో రిటుక్సిమాబ్, గ్లాటిరమర్, క్లాడ్రిబిన్‌లను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఎంఎస్ కోసం అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. రిటుక్సిమాబ్‌ను మామూలుగా ఆరు నెలలకొకసారి డ్రిప్‌గా ఇస్తారు, కొన్ని గంటలు పడుతుంది. మొదటిసారికి ముందు హెపటైటిస్ బి, క్షయ పరీక్షలు తప్పనిసరి. నెల్లూరు, ఒంగోలు సర్వజన ఆసుపత్రుల్లో నెలలో ఒక రోజు దీనికి కేటాయించి, పక్కనే మరుగుదొడ్డి ఉన్న వార్డులో మంచాలు వేయిస్తే చెన్నై, తిరుపతి, గుంటూరు ప్రయాణాలు తప్పుతాయి. ఎన్టీఆర్ వైద్యసేవ కింద ఏ ప్యాకేజీలో ఏది వస్తుందో ఆరోగ్యమిత్ర కౌంటరు దగ్గర తెలుగులో రాసి అంటించండి.

చవకమందు ఒకదాని గురించి గట్టిగా చెప్పాలి: బాక్లోఫెన్. కాళ్ల బిగువు తగ్గించే బిళ్ల. దాన్ని ఒక్కసారిగా ఆపితే బిగువు రెట్టింపై తిరగబడుతుంది, లేనివి కనిపిస్తాయి, మూర్ఛ రావచ్చు. మెల్లమెల్లగా తగ్గించుకుంటూ పోవాలి. స్టాకు లేదు, వచ్చే వారం రండి అని చెప్పదగిన మందు కాదిది. నెలకు సరిపడా కాకుండా మూడు నెలలకు సరిపడా నిల్వ పెట్టండి.

విద్యుత్ అధికారులకు. మాకు చల్లటి గది మందుతో సమానం. పడమటి ఊళ్లలో, కనిగిరి, మార్కాపురం వైపు గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కూలర్, వట్టివేళ్ల తడిక పనిచేస్తాయి. సముద్రం పక్కన, కొత్తపట్నం నుంచి కృష్ణపట్నం దాకా గాలిలోనే తేమ, అక్కడ కూలర్ పెడితే ఉక్క పెరుగుతుంది, చెమట ఆరదు, ఒంటి వేడి దిగదు. అక్కడ ఏసీ లేదా తడిగుడ్డ మీద ఫ్యాను. కరెంటు పోతే రెండూ లేవు. మరమ్మతులకు లైన్ క్లియర్ తీసుకుని కరెంటు ఆపే పనిని ఏప్రిల్ నుంచి జూన్ దాకా పొద్దున 6 నుంచి 9 గంటల మధ్య పెట్టుకోండి. స్తంభమెక్కే లైన్‌మన్‌కూ అదే మేలు. ముందురోజే మెసేజ్ పంపితే మేం నీళ్లు పట్టుకుని, ఐసు గడ్డకట్టించుకుని ఉంటాం. కొన్ని ఎంఎస్ సూదుల్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. చేపల థర్మాకోల్ పెట్టెలో ఐసు వేసి ఉంచొచ్చు కానీ సూది నేరుగా ఐసుకు తగిలి గడ్డకడితే పారేయాల్సిందే, టవల్ చుట్టి పెట్టాలి. ఎక్కువసేపు కరెంటు లేనప్పుడు దగ్గర్లోని ఆరోగ్య కేంద్రంలో ఇన్సులిన్ ఉంచే ఫ్రిజ్‌లో ఒక అర మాకు ఇవ్వమని ఆదేశించండి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన భయం ఎండ కాదు, వాన. 2021 నవంబరులో పెన్నా వరద కోవూరు దగ్గర హైవేనే కోసేసింది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను మన తీరాన్నంతా తడిపి బాపట్ల దగ్గర ఒడ్డు దాటింది. దివ్యాంగుల చట్టం 8వ సెక్షన్ ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ జిల్లాలోని దివ్యాంగుల వివరాలు నమోదు చేసి ఉంచాలి, ముప్పు గురించి వాళ్లకు ముందుగా తెలియజేయాలి. ఆ నమోదులో పేరు, పర్సంటేజీతో ఆగకండి. సొంతంగా నడవగలరా, ఎత్తుకుని తేవాలా, గొట్టం వాడతారా, ఫ్రిజ్ మందులున్నాయా, ఈ నాలుగూ రాయించండి. అందరితోపాటు చివరి గంటలో కదిలించడం కుదరదు, మమ్మల్ని 12 గంటలు ముందే కదిలించాలి. పునరావాస కేంద్రంలో నేలమీద పడుకుంటే లేవలేం, మంచం కావాలి, కింది అంతస్తు కావాలి. నెల్లూరులో వానొస్తే మాగుంట లేఅవుట్, ఆత్మకూరు బస్టాండు అండర్ బ్రిడ్జిల కింద నీళ్లు నిలుస్తాయి. 108 వాహనం ఏ దారిన రావాలో ఆ జాబితాలోనే రాసిపెట్టుకోండి.

ఉద్యోగాల్లో ఉన్నవాళ్ల గురించి శాఖాధిపతులు ఒక్కటి గుర్తుంచుకోవాలి. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినవాళ్లను తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పోస్టులోకి మార్చాలని దివ్యాంగుల చట్టం 20వ సెక్షన్ చెబుతుంది. టీచరుకు కింది అంతస్తు తరగతి, మొదటి పీరియడ్లు, మధ్యాహ్నం 20 నిమిషాల విశ్రాంతి ఇస్తే ఇంకా చాలా ఏళ్లు పాఠం చెప్పగలరు. లీడ్ బ్యాంకు మేనేజర్లకు కూడా ఒక మాట. వణికే చేతి సంతకం ప్రతిసారీ ఒకేలా రాదు. సంతకం చేయలేనివాళ్లకు ఇద్దరు సాక్షులతో, అందులో ఒకరు బ్యాంకు ఉద్యోగి, వేలిముద్ర తీసుకునే పద్ధతి రిజర్వు బ్యాంకు ఎప్పుడో చెప్పింది. దాన్ని వాడండి.

ఈ ఉత్తరానికి జవాబు కాగితం మీద ఇవ్వాలని కోరుతున్నాం. ప్రతి ప్రభుత్వ కార్యాలయంలో దివ్యాంగుల ఫిర్యాదులు చూసే అధికారి ఉండాలని అదే చట్టం 23వ సెక్షన్ చెబుతుంది. ఆ అధికారి పేరు, ఫోన్ నంబరు గేటు దగ్గర, కూర్చుని చదవగలిగే ఎత్తులో రాయించండి.

మే 30 ప్రపంచ ఎంఎస్ దినం. అది ఏటా రోహిణి కార్తెలో వస్తుంది, రోళ్లు పగిలే ఎండలో. ఆ రోజు ర్యాలీ పెట్టవద్దు. మాతో కూర్చుని మాట్లాడాలనుకుంటే పొద్దున 8 గంటలకు, కింది అంతస్తులో, మరుగుదొడ్డి పక్కనున్న గదిలో పెట్టండి, గంటన్నరలో ముగించండి. ఇల్లు కదల్లేనివాళ్లు ఫోనులో మాట్లాడేలా ఒక నంబరు ఇవ్వండి. గదిలో కరెంటు పోకుండా చూడమని ముందే సబ్‌స్టేషన్‌కు చెప్పి ఉంచండి.

ఇట్లు,
ఎంఎస్‌తో జీవిస్తున్నవాళ్లు, వాళ్ల కుటుంబసభ్యులు,
నెల్లూరు, ప్రకాశం, మార్కాపురం జిల్లాలు